గ్యాస్ కొట్టే ముందు నీళ్లు చూడండి

మొన్న ఆదివారం విశాఖపట్నం పెదవాల్తేరులో ఒక మిత్రుడి మేడ మీద బొమ్మ స్టీమ్ ఇంజన్ నీళ్లు లేకుండానే మండింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. బాయిలర్ మీద రంగు పొంగి ఊడింది, ప్రెషర్ ఎక్కువైతే ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వ్‌లో రబ్బరు రింగు మాడింది. సంక్రాంతి సెలవులకి అందరం ఇంజన్లు అటక మీంచి దించుతాం కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. వేడిగా ఉంటుంది, ముట్టుకోకండి లాంటివి మీకు తెలుసు, వదిలేస్తున్నా.

నేను చూసినంతలో ఇంజన్లని ముంచేది ఒకటే తప్పు: నీళ్లు చూడకుండా రెండోసారి గ్యాస్ నింపడం. బ్యూటేన్‌తో నడిచే చిన్న ఇంజన్లలో చాలావాటికి గ్యాస్ ట్యాంకు కావాలనే చిన్నది పెడతారు. నీళ్ల కన్నా ముందు గ్యాస్ అయిపోయి మంట దానంతటదే ఆరిపోవాలని. ఇంజన్ ఆగగానే పిల్లలు "ఇంకొక్కసారి తాతా" అంటారు. మనం గ్యాస్ మాత్రం కొట్టి వెలిగిస్తే ఆ కాపలాని మన చేత్తోనే తీసేసినట్టు.

"గ్లాసు నిండుగానే కనిపించింది గురూ" అన్నాడు మా వాడు. బాయిలర్‌లో నీళ్లెంతున్నాయో చూపే సన్నటి గాజు గొట్టం, అంటే గేజ్ గ్లాసుతో వచ్చే చిక్కే అది. పూర్తిగా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా ఒకేలా ఉంటుంది. మధ్యలో నీటి మట్టం కనిపిస్తేనే నమ్మండి. గ్లాసు వెనక ఏటవాలు గీతల కాగితం పెడితే, నీళ్లున్నంత మేర గీతలు ఎదురువైపుకి వాలినట్టు కనిపిస్తాయి. పెద్ద ఇంజన్లూ గ్లాసు చేతిలో మోసపోయాయి. 1995 జూన్‌లో అమెరికాలో గెటిస్‌బర్గ్ దగ్గర టూరిస్టు రైలు లాగుతున్న 1278 నంబరు ఇంజన్‌లో నీళ్లు తగ్గి ఫైర్‌బాక్స్ (మంట మండే గది) పైకప్పు దెబ్బతింది. క్యాబ్‌లో ఉన్న ముగ్గురికి కాలిన గాయాలయ్యాయి. గ్లాసుకి నీళ్లు వెళ్లే దారి గార కట్టి పూడుకుపోయి ఉంది.

బోరు నీళ్లు పోస్తే మన ఇంజన్‌కీ అదే గతి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొనండి, కానీ సీసా మీద చదివి కొనండి. యాసిడ్ కూడా ఆ అరలోనే ఉంటుంది.

బాయిలర్ ఎండిందని అనుమానం వస్తే గ్యాస్ కట్టేయండి, అంతే. కంగారుపడి నీళ్లు పోయొద్దు. కాలి ఉన్న రాగి మీద పడ్డ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ఎగదన్నుతాయి, అతుకులు విడిపోవచ్చు. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే మూత తియ్యండి.

ఇక గాలి సంగతి. మన ఊళ్లో మధ్యాహ్నం దాటితే సముద్రం గాలికి బర్నర్ ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. బ్యూటేన్ గాలి కన్నా బరువు. పిట్టగోడ మూలలో పేరుకుంటుంది, మళ్లీ అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంటుంది. పొద్దున్నే నడుపుకోండి. స్పిరిట్‌తో నడిచేదైతే ఎండలో మంటే కనిపించదు, ఆరిందనుకుని చెయ్యి పెట్టకండి.

మంట ఉండగా గ్యాస్ నింపొద్దు. ఇంకో ఇంజన్ పక్కన మండుతున్నా నింపొద్దు. గ్యాస్ డబ్బా ఎండలో పెట్టొద్దు. ప్రెషర్ ఉండగా నీళ్ల మూత విప్పొద్దు. సేఫ్టీ వాల్వ్ స్క్రూ ముట్టుకోవద్దు, ఎంత కారినా సరే. ల్యూబ్రికేటర్‌లో (సిలిండర్‌కి నూనె అందించే డబ్బీలో) ఆవిరి ఇంజన్ల కోసమే అమ్మే స్టీమ్ ఆయిలే పోయండి, కుట్టుమిషన్ నూనె కాదు. బయల్దేరే ముందు చేత్తో ముందుకీ వెనక్కీ దొర్లించి సిలిండర్లలో నీళ్లు పోనివ్వండి, అప్పుడు చిమ్నీ మీద మొహం పెట్టొద్దు. రెండో రౌండు కావాలా? ముందు నీళ్లు. మూడో రౌండుకీ ముందు నీళ్లే. సిరంజితో ఎంత పోశారో కాగితం మీద రాసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బాయిలర్‌ని చేతిపంపుతో, నీళ్ల ప్రెషర్‌తో పరీక్షించండి. పని ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు చాలు. సైకిల్ పంపు గాలితో మాత్రం వద్దు. గాలిని నొక్కితే శక్తి లోపల దాగి ఉంటుంది, అతుకు ఊడితే ముక్కలు ఎగురుతాయి.

మా వాడి ఇంజన్ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. కొత్త రింగు వేశాను. ఆ పరీక్ష అయ్యేదాకా వాడికి తిరిగివ్వను.