నీనా సిమోన్ కోపాన్ని ఎలా వినాలంటే

నీనా సిమోన్ అమెరికన్ నల్లజాతి గాయని. ముందే ఆవిడ పాట పెట్టేయకండి, ముందు 1963లో అమెరికాలో ఏం జరిగిందో ఓ పది నిమిషాలు చదవండి. జూన్‌లో మిసిసిపీలో నల్లజాతి హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ని ఆయన ఇంటి ముందే కాల్చేశారు, సెప్టెంబర్ 15న బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పెడితే నలుగురు నల్లజాతి ఆడపిల్లలు చనిపోయారు. ఆ కోపంలోంచి వచ్చిందే నీనా పాట 'మిసిసిపీ గాడ్‌డామ్'.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 1964 కార్నెగీ హాల్ లైవ్ రికార్డింగే వెతకండి, వేరేది వద్దు. ట్యూన్ హుషారుగా ఉంటుంది, మొదట్లో జనం నవ్వుతారు కూడా, ఆ నవ్వు ఎక్కడ తగ్గిపోతుందో చెవి పెట్టి వినండి, నాకైతే అసలు పాటంతా అక్కడే ఉంది. రెండోసారి లిరిక్స్ ముందు పెట్టుకోండి, హక్కులడిగేవాళ్ళకి 'కాస్త మెల్లగా వెళ్ళండి' అని సలహాలిచ్చే పెద్దమనుషుల మీద ఆవిడ విసుగు చూడండి, వెనక బ్యాండ్ వాళ్ళు 'టూ స్లో' అని అందుకుంటుంటారు.

తర్వాత ఇంకో నల్లజాతి గాయని బిల్లీ హాలిడే 1939లో లించింగ్ (నల్లవాళ్ళని మూకలు కొట్టి, ఉరితీసి చంపడం) మీద పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' వినండి, రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

చదువుదాం అనుకుంటే తెలుగులోనే మొదలెట్టొచ్చు, నల్లవాళ్ళ బానిసత్వం మీద అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్' సహవాసి అనువాదంలో 'ఏడు తరాలు'గా ఉంది.