కత్తిరి ఎండలకు ముందు క్యాబినెట్ ఫ్యాన్ బిగించుకునేవారికి కొన్ని జాగ్రత్తలు

చెన్నైలో కత్తిరి ఎండలు సాధారణంగా మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా సాగుతాయి. మన పంచాంగం లెక్కన అది దాదాపుగా కృత్తిక కార్తె, దాని వెనుకే రోళ్లు పగిలే రోహిణి కార్తె. నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైనది కూడా 2003 మే 31ననే. సముద్రపు గాలి ఆలస్యమైన మధ్యాహ్నాలలో ఏసీ లేని గదిలో ఉన్న కంప్యూటర్ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కంప్యూటర్ పెట్టెలో, అంటే క్యాబినెట్‌లో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అవి గది గాలినే లోపలికి పంపుతాయి కనుక, గదిలో 38 డిగ్రీలు ఉంటే లోపలి భాగాలు అంతకన్నా చల్లబడే ప్రసక్తే లేదు. అందుకే ఏప్రిల్ వచ్చేసరికి చాలామంది మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు వెళ్లి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఒకటో రెండో కొని తెచ్చి, ఇంట్లోనే బిగించుకుంటారు. నాలుగు మరలు తిప్పడం ఎవరికైనా చేతనవుతుంది. పొరపాటంతా ఆ ఫ్యాన్ తీగను ఎక్కడ గుచ్చాలన్న చోటనే జరుగుతుంది. కనెక్టర్ ఒక చోట చక్కగా అమరిందంటే అదే దాని చోటు అనుకోవడం మన సహజ గుణం; కంప్యూటర్ లోపల మాత్రం ఆ నమ్మకం పనికిరాదు.

ముందుగా ఫ్యాన్ నడిబొడ్డున ఉన్న స్టిక్కర్ చదవండి. మామూలు క్యాబినెట్ ఫ్యాన్ మీద 12 వోల్టుల డీసీ అనీ, దాని పక్కనే 0.15 లేదా 0.25 ఆంపియర్ల వంటి ఒక అంకె అనీ ఉంటాయి. ఈ రెండు అంకెలను కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఫ్యాన్ బిగించాక స్టిక్కర్ గోడ వైపు తిరిగిపోతే మళ్లీ చూడాలంటే మరలన్నీ విప్పవలసి వస్తుంది. 5 వోల్టుల యూఎస్‌బీ ఫ్యాన్లు కూడా అదే దుకాణంలో, అదే అరలో దొరుకుతాయి. అవి చూడటానికి ఒకేలా ఉన్నా వాటికి 12 వోల్టులు ఇవ్వకూడదు.

క్యాబినెట్ తలుపు తెరిచే ముందు కరెంటు పూర్తిగా తీయడంలో మన ఇళ్లలో ఒక చిక్కుంది. గోడ మీది స్విచ్ ఆపగానే పని అయిపోయిందనుకుంటాం గానీ, మధ్యలో యూపీఎస్ ఉంటే అది బ్యాటరీతో సరఫరా చేస్తూనే ఉంటుంది. కనుక కంప్యూటర్ తీగను యూపీఎస్ నుంచే ఊడదీసి, ఆ తరువాత పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుని, మదర్‌బోర్డు మీద ఏ చిన్న దీపమూ వెలగడం లేదని చూసుకున్నాకే చేయి పెట్టండి. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. దాని లోపలి కెపాసిటర్లలో తీగ తీసేశాక కూడా ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. ఇంకొక మాట చెబితే నవ్వుతారేమో గానీ, భుజం మీద ఒక తువ్వాలు వేసుకుని కూర్చోండి. ఏప్రిల్ చివరలో గదిలోని ఫ్యాన్ కూడా ఆపుకుని వంగి పనిచేస్తుంటే నుదుటి చెమట నేరుగా మదర్‌బోర్డు మీదనే పడుతుంది.

ఇక ఫ్యాన్‌కు తగిన మొదటి చోటు మదర్‌బోర్డు మీది ఫ్యాన్ హెడరే, అంటే కనెక్టర్ గుచ్చే పిన్నుల వరుసే. దాని పక్కన సన్నని అక్షరాలతో సిస్ ఫ్యాన్ అనో, ఛాసిస్ ఫ్యాన్ అనో ముద్రించి ఉంటుంది; కనబడకపోతే ఫోన్ టార్చి వేసి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. అక్కడ నాలుగు పిన్నులుంటాయి: ఒకటి గ్రౌండు, రెండవది 12 వోల్టులు, మూడవది ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకు చెప్పేది, నాలుగవది ఎంత వేగంగా తిరగాలో బోర్డు ఫ్యాన్‌కు చెప్పేది. మూడు రంధ్రాల ఫ్యాన్ కనెక్టర్ కూడా ఈ నాలుగు పిన్నుల హెడర్ మీద పనిచేస్తుంది, ఎందుకంటే హెడర్ పక్కన నిలబెట్టిన ప్లాస్టిక్ నాలుక మొదటి మూడు పిన్నులకే సరిగా ఎదురుగా ఉండి, కనెక్టర్ మీది గాడిని అక్కడికే నడిపిస్తుంది. అయితే అలాంటి ఫ్యాన్‌కు వేగం ఆజ్ఞ తెచ్చే నాలుగవ తీగ లేదు కాబట్టి, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగులలో) ఆ హెడర్‌ను పీడబ్ల్యూఎం (నాలుగవ తీగ ఆజ్ఞతో వేగం మార్చే పద్ధతి) నుంచి డీసీకి (వోల్టేజీ తగ్గించి వేగం మార్చే పద్ధతికి) మార్చకపోతే అది రాత్రీ పగలూ పూర్తి వేగంతో హోరెత్తుతూనే ఉంటుంది.

సీపీయూ ఫ్యాన్ అని రాసిన హెడర్‌ను ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కే వదిలిపెట్టండి. దగ్గరగా ఉందని క్యాబినెట్ ఫ్యాన్‌ను అక్కడ గుచ్చి, ప్రాసెసర్ ఫ్యాన్‌ను ఇంకెక్కడికో మార్చితే, ప్రాసెసర్ ఫ్యాన్ ఆగిపోయిన రోజున బోర్డు దాన్ని గుర్తించదు. క్యాబినెట్ ఫ్యాన్ తిరుగుతున్నదని చూసి అంతా సవ్యంగానే ఉందనుకుంటుంది.

ఒక్కొక్క హెడర్ మోయగలిగే భారం చాలా బోర్డులలో 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. మీ బోర్డు లెక్క దాని మాన్యువల్‌లో ఉంటుంది. 0.2 ఆంపియర్ల ఫ్యాన్లు రెండింటినో మూడింటినో వై ఆకారపు స్ప్లిట్టర్‌తో ఒకే హెడర్‌కు కలపవచ్చు గానీ, ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి అంచు దాకా నింపవద్దు. స్ప్లిట్టర్ రెండవ కొమ్మలో ఒక పిన్ను లేకపోవడం చూసి విరిగిన సరుకు ఇచ్చాడని దుకాణదారుతో తగువు పడనక్కరలేదు. రెండు ఫ్యాన్ల వేగం లెక్కలు కలగలిసి బోర్డు తికమక పడకుండా ఆ పిన్నును కావాలనే తీసేస్తారు.

రంగుల దగ్గరే నేను ఎక్కువ హెచ్చరించాలనుకుంటున్నాను. రెండు వేసవుల కిందట వడపళనిలో ఉండే నా మేనల్లుడు మధ్యాహ్నం వేళ ఫోన్ చేసి, “మామయ్యా, రంగుకు రంగు సరిగ్గానే కలిపాను, అయినా ఫ్యాన్ ఈడుస్తోంది, కాలిన వాసన కూడా వస్తోంది” అన్నాడు. వెళ్లి చూస్తే మూడు తీగల ఫ్యాన్ కనెక్టర్ కోసేసి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పాతకాలపు నాలుగు రంధ్రాల మోలెక్స్ తీగలకు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు, పసుపుకు పసుపు మెలిపెట్టి టేపు చుట్టాడు. చూడముచ్చటగా ఉంది, కానీ రెండు చోట్ల తప్పు. సాధారణంగా మూడు తీగల ఫ్యాన్‌లో ఎరుపు తీగ 12 వోల్టులు, పసుపు తీగ వేగం చెప్పేది; మోలెక్స్‌లో ఎరుపు 5 వోల్టులు, పసుపు 12 వోల్టులు. కనుక మోటారుకు అయిదు వోల్టులే అంది అది ఈడ్చింది. అటు వేగం చెప్పే సన్నని తీగలోకి 12 వోల్టులు నేరుగా వెళ్లి, లోపలి చిన్న ట్రాన్సిస్టర్ కాలిపోయింది. తరువాత ఆ ఫ్యాన్‌కు కొత్త కనెక్టర్ వేసి బోర్డుకు తగిలిస్తే తిరిగింది గానీ, బయోస్ తెర మీద దాని వేగం ఈ రోజుకీ సున్నానే చూపిస్తుంది. నాలుగు తీగల ఫ్యాన్లలో మళ్లీ పసుపే 12 వోల్టులుగా ఉండటం, కొన్ని కంపెనీలు అన్ని తీగలూ నల్లగానే ఇవ్వడం కూడా మామూలే. తీగను దాని స్థానం బట్టి గుర్తించాలే తప్ప రంగు బట్టి కాదు, అసలు కత్తెర పెట్టకపోవడమే మేలు.

బోర్డు మీద హెడర్లు చాలకపోతే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా ఇవ్వడం తప్పేమీ కాదు. మోలెక్స్ నుంచి ఫ్యాన్‌కు తయారుగా దొరికే మార్పిడి తీగ 12 వోల్టులనే ఇస్తుంది. వేగం తగ్గించే వీలుండదు, అంతే. శబ్దం భరించలేక కొందరు మోలెక్స్‌లోని ఎరుపు, పసుపు తీగల నడుమ ఫ్యాన్‌ను తగిలించి తేడాగా వచ్చే 7 వోల్టులతో నడుపుతారు. ఫ్యాన్‌లోంచి వచ్చే కరెంటును గ్రౌండుకు కాకుండా 5 వోల్టుల లైనులోకి తోసే ఈ కిటుకును నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే ఫ్యాన్ లోపల షార్టయిన రోజున 12 వోల్టులు హార్డ్ డిస్కుల వంటివి వాడుకునే లైనులోకి పోతాయి. ఫ్యాన్లు నాలుగైదు ఉంటే ఫ్యాన్ హబ్ ఒకటి కొని, దానికి కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచి డిస్కులకు వచ్చే సాటా తీగ నుంచి, వేగం ఆజ్ఞ మదర్‌బోర్డు హెడర్ నుంచి ఇవ్వండి. ఆ సాటా తీగ లేదని మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక పోత కనెక్టర్ మాత్రం వాడవద్దు, తీగలను ప్లాస్టిక్‌లో కలిపి పోత పోసిన ఆ రకంలో లోపల షార్టయి కరిగి కాలిన సందర్భాలున్నాయి.

తీగలు డబ్బా నుంచి ఊడివచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారు పాత డబ్బా తీగలను కొత్త డబ్బాకు గుచ్చకూడదు. డబ్బా వైపు పిన్నుల వరుస కంపెనీకి కంపెనీకి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కు మోడల్‌కు మారుతుంది. కనెక్టర్ ఇమిడిపోతుంది, స్విచ్ వేయగానే డిస్కులు పోవచ్చు.

దీపాల ఫ్యాన్లకు రెండు తీగలుంటాయి: తిరగడానికి ఒకటి, వెలగడానికి ఒకటి. వెలుగు తీగ మూడు రంధ్రాలది అయితే 5 వోల్టులు, నాలుగు రంధ్రాలది అయితే 12 వోల్టులు. నాకు ఫ్యాన్ అమ్మిన దుకాణంలో “ఏ లైట్ హెడరైనా పరవాలేదు సార్” అన్నారు. నేనూ కళ్లద్దాలు తీసి ఉన్నానేమో, 5 వోల్టుల తీగను పక్కకు జరిపి 12 వోల్టుల హెడర్ మీద కూర్చోబెట్టాను. ఒక్కసారి తెల్లగా మెరిసి దీపాలన్నీ శాశ్వతంగా ఆరిపోయాయి. ఫ్యాన్ తిరుగుతుంది గనుక ఇప్పటికీ అదే వాడుతున్నాను.

అన్నీ గుచ్చాక తీగలు రెక్కలకు తగలకుండా జిప్ టైతో కట్టి, అరచేయి పెట్టి గాలి ఎటు వస్తోందో చూడండి. ఫ్యాన్ వెనుక అడ్డపట్టీలున్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది, కనుక ముందున్న ఫ్యాన్‌కు ఆ వైపు క్యాబినెట్ లోపలికీ, వెనుకనున్న దానికి బయటికీ ఉండాలి. డీసీ పద్ధతిలో నడిచే ఫ్యాన్‌కు వోల్టేజీ మరీ తగ్గిస్తే కొన్ని తిరగడమే మొదలుపెట్టవు. బయోస్‌లో కనీస వేగాన్ని, ఫ్యాన్ ఆగిన స్థితి నుంచి ప్రతిసారీ కదిలేంత పైన ఉంచండి. బీచ్‌కు దగ్గరగా ఉండే బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వంటి చోట్ల ఉప్పుగాలికి పిన్నులు మసకబారుతాయి కాబట్టి, దుమ్ము దులిపేటప్పుడు కనెక్టర్లను ఒకసారి ఊడదీసి మళ్లీ గుచ్చితే పట్టు సరవుతుంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి గిరగిరా తిరిగిన ఫ్యాన్ తానే కరెంటు పుట్టించి హెడర్‌లోకి వెనక్కి పంపగలదు, పైగా బేరింగూ అరుగుతుంది.

పరీక్షను రాత్రి చల్లబడ్డాక చేయవద్దు. మధ్యాహ్నం రెండు గంటలకు పక్క తలుపు మూసి, రోజూ చేసే బరువైన పని ఒక అరగంట నడిపి, ప్రాసెసర్ వేడిని, ప్రతి ఫ్యాన్ వేగాన్ని తెర మీద చూడండి. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఏప్రిల్ మధ్యాహ్నానికే అంకె 85 దాటుతుంటే, మే రాకముందే ఆ ఫ్యాన్ తీగ ఏ హెడర్ మీద ఉందో మరొకసారి తలుపు తీసి చూసుకోండి.