డీఆర్‌ఎం లేని గేమ్ నిజంగా మన చేతిలో ఉండాలంటే ఏం చేయాలి

పెద్ద పీసీ గేమ్ విడుదలైన రోజున దాదాపు ఎప్పుడూ స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఉంటుంది, చాలాసార్లు ఎపిక్ స్టోర్‌లోనూ ఉంటుంది. డీఆర్‌ఎం లేకుండా గేమ్‌లు అమ్మే స్టోర్ జీఓజీలో వెతికితే మాత్రం ఎక్కువసార్లు కనిపించదు. మూడు నాలుగు వేల రూపాయలు పెట్టి కొనేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. డబ్బు కట్టేశాక కూడా ఆట మొదలవ్వాలంటే ఎక్కడో ఉన్న సర్వర్ సరే అనాలి. కొన్న గేమ్‌కి వేసే ఇలాంటి డిజిటల్ తాళాన్నే డీఆర్‌ఎం అంటారు. ఉబిసాఫ్ట్ కంపెనీ 2014లో తెచ్చిన ద క్రూ అనే గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. ఆ గేమ్‌లో ఒంటరిగా ఆడుకునే భాగం కూడా సర్వర్ మీదే ఆధారపడింది కాబట్టి, దుకాణంలో డిస్కు కొన్నవాళ్లకు కూడా ఆట పోయింది.

డీఆర్‌ఎం లేకుండా పెద్ద గేమ్‌లు అమ్మడం కుదరదన్న మాట నిజం కాదు. 2015లో ద విచర్ 3, 2020లో సైబర్‌పంక్ 2077, 2023లో బాల్డర్స్ గేట్ 3 విడుదలైన రోజునే జీఓజీలోకి వచ్చాయి. మూడూ బాగా అమ్ముడయ్యాయి. మిగతా పబ్లిషర్లు ఎందుకు తేవడం లేదన్న కోపం న్యాయమైనదే. ఆ కోపంతో పాటు మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అసలైన పని గేమ్ కొన్న తర్వాతే మొదలవుతుంది.

ముందు తాళం ఏదో చూడండి

డీఆర్‌ఎం అని ఒకే పేరుతో పిలుస్తాం కానీ తాళాలు చాలా రకాలు. స్టోర్ క్లయింట్ తాళం అన్నిటికన్నా తేలికైనది. గేమ్ తెరవగానే స్టీమ్ నడుస్తోందా, ఈ ఖాతాలో ఈ గేమ్ ఉందా అని చూస్తుంది. రెండోది డెనువో, పబ్లిషర్లు విడిగా కొని గేమ్‌కి తగిలించే తాళం. మొదటిసారి తెరిచినప్పుడు, ఆ తర్వాత ప్రాసెసర్ లాంటి భాగం మారినప్పుడు నెట్ ద్వారా సర్వర్ నుంచి కొత్త అనుమతి తెచ్చుకుంటుంది. ఒకే రోజులో ఐదు వేర్వేరు మెషిన్ల దాకానే ఒప్పుకుంటుంది. లినక్స్‌లో విండోస్ గేమ్‌లను నడిపించే ప్రోటాన్ వెర్షన్ మార్చినా కొత్త మెషిన్‌గా లెక్కేస్తుంది, అందుకే ఒక సాయంత్రం నాలుగైదు ప్రోటాన్‌లు మార్చి చూసినవాళ్లకు 24 గంటల పాటు ఆట మూసుకుపోతుంది. 2021 నవంబరులో డెనువోకు సంబంధించిన ఒక డొమైన్ గడువు తీరిపోతే, డబ్బు కట్టి కొన్న గేమ్‌లు కొన్ని గంటల పాటు తెరుచుకోలేదు.

మూడోది పబ్లిషర్ సొంత లాంచర్, సొంత ఖాతా. నాలుగోది ఎప్పుడూ సర్వర్‌తో మాట్లాడుతూ ఉండాల్సిన రకం. ద క్రూ ఈ కోవలోదే, దీనికి మామూలుగా మన వైపు నుంచి మందు లేదు.

కొనేముందు ఇవి కనిపెట్టడం కష్టమేమీ కాదు. స్టీమ్ పేజీలో కుడివైపు వరసలో, భాషల పట్టిక దగ్గర్లో, థర్డ్ పార్టీ డీఆర్‌ఎం ఉంటే ఒక పెట్టెలో రాస్తారు. వేరే ఖాతా కావాలంటే అది కూడా అక్కడే ఉంటుంది. కానీ స్టీమ్ సొంత తాళం సంగతి ఆ పెట్టెలో ఉండదు. దానికోసం పీసీ గేమింగ్ వికీలో ఆ గేమ్ పేజీ తెరిచి అవైలబిలిటీ పట్టిక చూడండి. ఏ స్టోర్‌లో ఏ తాళం ఉందో వరసవారీగా ఇస్తారు. స్టీమ్‌లో అమ్మేవాటిలో కూడా తాళం లేని గేమ్‌లు చాలా ఉన్నాయని ఆ పట్టికలు చూస్తేనే తెలుస్తుంది.

మీ లైబ్రరీలో ఇప్పటికే ఉన్న గేమ్‌ని ఇలా పరీక్షించండి. స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లో లోకల్ ఫైల్స్ తెరవండి. ఆ ఫోల్డర్ మొత్తాన్ని స్టీమ్ లేని మరో కంప్యూటర్‌కి కాపీ చేయండి. రెండో కంప్యూటర్ లేకపోతే స్టీమ్ ఫోల్డర్ బయట ఇంకెక్కడైనా పెట్టి, టాస్క్‌బార్ మూలనున్న ఐకాన్ నుంచి స్టీమ్‌ని పూర్తిగా ఎగ్జిట్ చేసి, వైఫై తీసేయండి. ఇప్పుడు ఫోల్డర్‌లోని అసలు ఈఎక్స్‌ఈ ఫైల్‌ని నేరుగా తెరవండి. ఆట మొదలైతే తాళం లేనట్టే. స్టీమ్ దానంతటదే తెరుచుకున్నా, ఖాతా అడిగినా తాళం ఉన్నట్టు. వీసీరన్‌టైమ్140 లేదా ఎంఎస్‌వీసీపీ140 డీఎల్‌ఎల్ లేదని వస్తే మాత్రం డీఆర్‌ఎం అని పొరబడకండి. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రన్‌టైమ్ ఆ కంప్యూటర్‌లో లేదని దాని అర్థం. దాని ఇన్‌స్టాలర్ చాలాసార్లు గేమ్ ఫోల్డర్‌లోనే కామన్‌రీడిస్ట్ అనే పేరుతో ఉంటుంది. వేసి మళ్లీ ప్రయత్నించండి.

ఆగాలా, కొనాలా

ఆగితే కొన్ని వస్తాయి. హొరైజన్ జీరో డాన్ 2020 ఆగస్టులో పీసీకి వచ్చింది, నవంబరులో జీఓజీకి చేరింది. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ 2016 నాటిది, జీఓజీలో 2022లో కనిపించింది. ఎంత ఆగాలో అంచనా వేయడానికి ఒక పద్ధతి ఉంది. జీఓజీలో ఆ పబ్లిషర్ పేరుతో వెతికి, వాళ్ల పాత గేమ్‌లు అక్కడికి వచ్చిన తేదీలను మొదట విడుదలైన తేదీలతో పోల్చండి. రెండేళ్లలో ఒక్కటి కూడా తేని పబ్లిషర్ ఈసారి తెస్తారని ఎదురుచూడటం వృథా. నెలల్లో తెచ్చే అలవాటున్నవాళ్ల విషయంలో ఆగడమే మంచిది. ఈలోగా ధర తగ్గుతుంది, మొదటి నెలల బగ్‌లూ తీరతాయి. విడుదలైన కొన్నాళ్లకు డెనువో తీసేసే పబ్లిషర్లు కూడా చాలామందే. ఆ సంగతి ప్యాచ్ నోట్స్‌లో (అప్‌డేట్‌తో పాటు ఇచ్చే మార్పుల జాబితాలో) ఒక్క వాక్యంలో రాసి వదిలేస్తారు కాబట్టి వాటిని చదువుతూ ఉండండి.

అడగాల్సిన చోట అడగడం కూడా పనిలో భాగమే. జీఓజీలో డ్రీమ్‌లిస్ట్ అనే జాబితా ఉంది. ఏ గేమ్ కావాలో అక్కడ ఓటు వేయవచ్చు, పబ్లిషర్లతో మాట్లాడేటప్పుడు జీఓజీ ఆ అంకెలనే ముందు పెడుతుంది. పబ్లిషర్‌కి నేరుగా రాసేటప్పుడు తిట్లు వద్దు. ఫలానా గేమ్, ఫలానా ధరకు, డీఆర్‌ఎం లేకుండా ఇస్తే విడుదల రోజునే కొంటానని రెండు ముక్కల్లో రాయండి. అమ్మకాల బృందానికి అర్థమయ్యే భాష అదే. అమ్మిన గేమ్‌లను ఆడలేకుండా చేయొద్దని కోరే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం ఐరోపాలో పెట్టిన పౌర పిటిషన్‌కు 2025 జులై ఆఖరు నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు రావడం వల్లే ఈ విషయం బ్రసెల్స్‌లోని ఐరోపా సమాఖ్య దాకా వెళ్లింది.

మన దగ్గర నుంచి కొనేవాళ్లకు ఒక చిక్కు ఉంది. స్టీమ్‌లో ధరలు రూపాయల్లో ఉంటాయి, జీఓజీలో సాధారణంగా డాలర్లలో కనిపిస్తాయి. డెబిట్ లేదా క్రెడిట్ కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో విడిగా ఆన్ చేసుకోవాలి, లేకపోతే చెల్లింపు మళ్లీ మళ్లీ ఫెయిల్ అవుతుంది. చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం దాకా ఫారిన్ కరెన్సీ మార్కప్ (విదేశీ కరెన్సీలో కట్టినందుకు బ్యాంకు తీసుకునే రుసుము), ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. 40 డాలర్ల గేమ్‌ని స్టీమ్ ధరతో పోల్చేటప్పుడు ఇది కూడా కలపండి. పని అయ్యాక ఆ స్విచ్ ఆఫ్ చేయండి.

జీఓజీలో ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని కొనకూడదు. 2021 సెప్టెంబరులో హిట్‌మ్యాన్ అక్కడికి వచ్చినప్పుడు, నెట్ లేకపోతే ఆడుతూ సంపాదించుకోవాల్సిన ఆయుధాల లాంటి అన్‌లాక్‌లు చాలావరకు దొరకవని కొన్నవాళ్లు గట్టిగా నిలదీశారు. అక్టోబరులో దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. రివ్యూల్లో ఆఫ్‌లైన్ అన్న మాట కోసం వెతకండి. సరిగ్గా నడవని గేమ్ అయితే జీఓజీలో 30 రోజుల్లోపు, డౌన్‌లోడ్ చేసి ఆడిన తర్వాత కూడా, డబ్బు వెనక్కి అడగవచ్చు.

కొన్నాక చేయాల్సిన పని

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జీఓజీలో కొంటారు, జీఓజీ సొంత ప్రోగ్రామ్ గెలాక్సీతో ఇన్‌స్టాల్ చేస్తారు, తాళం లేదు కదా అని ఊరుకుంటారు. రేపు ఖాతా పోయినా, గేమ్ షెల్ఫ్ నుంచి తొలగినా చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. 2024 డిసెంబరులో వార్‌క్రాఫ్ట్ పాత గేమ్‌లు రెండింటినీ జీఓజీలో అమ్మడం ఆపేశారు. అంతకుముందు కొన్నవాళ్లకు ఇన్‌స్టాలర్లు దొరుకుతూనే ఉన్నాయి, కానీ అది స్టోర్ మాట నిలబెట్టుకోవడం వల్ల. ఫైల్ మీ డిస్కులో ఉంటే ఎవరి మాట మీదా ఆధారపడక్కర్లేదు.

బ్రౌజర్‌లో జీఓజీ లైబ్రరీ తెరిచి గేమ్ మీద నొక్కితే ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్లు అనే భాగం కనిపిస్తుంది. ముందు పైన ఉన్న సిస్టమ్, భాష సరిచూసుకోండి. తర్వాత అక్కడున్న ప్రతి భాగాన్నీ డౌన్‌లోడ్ చేయండి. పెద్ద గేమ్‌లలో సెటప్ అనే పేరుతో ఒక చిన్న ఈఎక్స్‌ఈ ఫైల్, దాని వెనక దాదాపు 4 జీబీ చొప్పున బిన్ ఫైళ్లు ఉంటాయి. బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ స్థలం కావాలంటారు, అలాంటి గేమ్‌కి బిన్ ఫైళ్లు పదుల సంఖ్యలో ఉంటాయి. 100 ఎంబీపీఎస్ లైన్ మీద పూర్తి వేగం అందితే 150 జీబీకి మూడు గంటల 20 నిమిషాలు. డీఎల్‌సీలకు (గేమ్‌కి విడిగా వచ్చే అదనపు భాగాలకు) ఇన్‌స్టాలర్లు వేరుగా ఉంటాయి, ఇవి మర్చిపోవడమే అందరూ చేసే పొరపాటు. పాటలు, మ్యాన్యువల్ లాంటివి కావాలంటే వాటినీ తీసుకోండి.

ప్రతి గేమ్‌కి ఒక ఫోల్డర్, ఫోల్డర్ పేరులో వెర్షన్ నంబర్, డౌన్‌లోడ్ చేసిన తేదీ పెట్టండి. ఫైళ్ల పేర్లు మాత్రం అస్సలు మార్చకండి. ఈఎక్స్‌ఈ తన పక్కన ఏ పేరుతో బిన్ ఫైల్ ఉండాలో ముందే తెలుసుకుని వెతుకుతుంది. ఇన్‌స్టాల్ మధ్యలో తర్వాతి డిస్కు పెట్టమని అడిగితే సీడీ ఎక్కడ వెతకాలా అని కంగారు పడకండి. ఒక బిన్ ఫైల్ తగ్గింది, లేదా బ్రౌజర్ దాని పేరు చివర (1) తగిలించింది. అంతే.

కరెంటు పోవడం మన ఊళ్లలో పెద్ద బెడద. బ్రౌజర్‌లో తెగిపోయిన డౌన్‌లోడ్ ఒక్కోసారి పూర్తయినట్టే కనిపిస్తుంది, కానీ సైజు తక్కువగా ఉంటుంది. వరసలో చివరిది తప్ప బిన్ ఫైళ్లన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి, ఒకటి తేడాగా ఉంటే దాన్ని మళ్లీ తెచ్చుకోండి. లినక్స్ వాడేవాళ్లకు ఎల్‌జీఓజీ డౌన్‌లోడర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పనంతా చేసిపెడుతుంది, తెగిన చోటు నుంచి కొనసాగిస్తుంది. 50, 60 గేమ్‌లున్న లైబ్రరీకి ఇంతకన్నా మంచి దారి లేదు.

అన్నీ వచ్చాక ఈఎక్స్‌ఈ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ చూడండి, జీఓజీ పేరు ఉండాలి. అప్పుడు వైఫై తీసేసి, గెలాక్సీ మూసేసి, ఇన్‌స్టాల్ చేయండి. ఇన్‌స్టాలర్, ఇన్‌స్టాల్ అయిన గేమ్ రెండూ ఒకే డిస్కులో ఉంటే గేమ్ సైజుకి రెట్టింపు ఖాళీ కావాలి. అరగంట ఆడండి. సేవ్ చేసి, మూసేసి, మళ్లీ తెరిచి ఆ సేవ్ లోడ్ చేయండి. డీఎల్‌సీలో వచ్చే ప్రాంతం లేదా పాత్ర మెనూలో కనిపిస్తోందో లేదో చూడండి. ఈ పరీక్ష రీఫండ్ గడువు లోపలే చేయాలి.

ఇంకొకటి: ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు కొన్నిసార్లు గెలాక్సీ వెర్షన్ కన్నా వెనకబడి ఉంటాయి. పెద్ద ప్యాచ్ వచ్చిన రెండు మూడు వారాలకు వెర్షన్ నంబర్ మారిందేమో చూసి కొత్తది తెచ్చుకోండి. కొత్తదాన్ని పరీక్షించేదాకా పాతది తొలగించకండి.

దాచే పద్ధతి

రెండు హార్డ్ డిస్కులు తీసుకోండి. 2 టీబీవి చాలు. ఎస్‌ఎస్‌డీ వేగంగానే ఉంటుంది కానీ కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి అల్మారాలో పెడితే డేటా నిలుస్తుందన్న భరోసా ఉండదు, అందుకే దాచడానికి తిరిగే డిస్కే నయం. ఒకటి ఇంట్లో, రెండోది అమ్మానాన్నల ఇంట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉండాలి. ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. ఫ్యాట్32లో 4 జీబీ లేదా అంతకన్నా పెద్ద ఫైల్ పట్టదు.

కాపీ చేసేముందు 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 ఫైల్ తయారు చేయండి. ఇందులో ప్రతి ఫైల్‌కీ వేలిముద్ర లాంటి ఒక గుర్తు (చెక్‌సమ్) ఉంటుంది. ఏడాదికోసారి డిస్కు తగిలించి అదే మెనూలో చెక్‌సమ్ పరీక్ష పెడితే ఏ ఫైల్ పాడైందో పేరుతో సహా తెలుస్తుంది. ముఖ్యమైన గేమ్‌లకు మల్టీపార్ అనే ప్రోగ్రామ్‌తో, పాడైన ఫైళ్లను బాగుచేసే 10 శాతం రికవరీ ఫైళ్లు కూడా చేసి పెట్టండి. 40 జీబీ గేమ్‌కి 4 జీబీ అదనం, బదులుగా ఒక బిన్ ఫైల్‌లో కొంత భాగం చెడినా అక్కడికక్కడే బాగవుతుంది.

చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(ఏఏ) సక్రమంగా పొందిన ప్రోగ్రామ్‌కి, నష్టం నుంచి కాపాడుకోవడానికి బ్యాకప్ కాపీ చేసుకోనిస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ మాత్రం హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. అందుకే ఇక్కడ తాళం పగలగొట్టే క్రాక్‌ల గురించి ఏమీ చెప్పలేదు. వాటిలో వచ్చే మాల్‌వేర్ వేరే తలనొప్పి.

సేవ్ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌లో ఉండవు, వాటిని విడిగా కాపీ చేయాలి. విచర్ 3వి డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల, సైబర్‌పంక్‌వి సేవ్డ్ గేమ్స్‌లో సీడీ ప్రాజెక్ట్ రెడ్ కింద, బాల్డర్స్ గేట్ 3వి యాప్‌డేటా లోకల్‌లో లారియన్ స్టూడియోస్ కింద ఉంటాయి. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌తో చేసిన చిన్న గేమ్‌లవి ఎక్కువగా యాప్‌డేటాలోని LocalLow అనే ఫోల్డర్‌లో దొరుకుతాయి. యాప్‌డేటా మామూలుగా కనిపించదు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి.