దసరా సేల్ ముందు డూప్లికేట్ ఇండెక్సులు తీసేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

దసరా దగ్గర పడిందంటే బెంగళూరులో మన టీములకి రెండు టెన్షన్లు: ఊరికి బస్సు టికెట్, సేల్ లోడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "టేబుల్ మీద ఇండెక్సులు ఎక్కువైపోయాయి, డూప్లికేట్లు లేపేద్దాం" అంటారు. మాట నిజమే. ఇండెక్సు అంటే డేటాబేస్ టేబుల్లో కావాల్సింది త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక. కొత్త రో (వరుస) పడిన ప్రతిసారీ ఇండెక్సులన్నిటిలోనూ రాయాల్సిందే కాబట్టి, ఒకే పనికి రెండుంటే ఒకటి దండగ. చిక్కల్లా ఏది డూప్లికేటో తేల్చడంలోనే.

ఆర్డర్స్ టేబుల్లో కస్టమర్ ఐడీ మీద ఒక ఇండెక్సు, కస్టమర్ ఐడీ, తేదీ కలిపి ఇంకోటి ఉన్నాయనుకోండి. రెండోది మొదటిదాని పనీ చేస్తుంది, మొదటిది మామూలుగా తీసేయొచ్చు. రెండోదాంట్లో తేదీ ముందుంటే మాత్రం ఆ లెక్క చెల్లదు. బిల్లు నంబరు మీద యూనిక్ ఇండెక్సు ఉంటే అసలు ముట్టుకోకండి, ఒకే నంబరు రెండుసార్లు పడకుండా ఆపేది అదే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లకి పేరు చివర 'లైక్' అని ఉండే ఇండెక్సు కనిపిస్తుంది. కాలమ్ అదే అయినా పని వేరు, లైక్ వెతుకులాటల (మొదటి అక్షరాలతో వెతికేవాటి) కోసం పెట్టింది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 5.7 నుంచి సిస్ స్కీమాలోనే (సర్వర్ తనతోపాటే ఇచ్చే పర్యవేక్షణ వివరాల్లో) రిడండెంట్, అంటే అనవసరపు ఇండెక్సుల జాబితా దొరుకుతుంది. వాడకంలో లేనివాటికీ ఒకటుంది, దాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. సర్వర్ రీస్టార్ట్ అయితే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే రెప్లికా (ప్రైమరీ అనే అసలు సర్వర్‌కి నకలు) లెక్క రెప్లికాదే. రిపోర్టులన్నీ రెప్లికా మీద నడుస్తుంటే ప్రైమరీలో సున్నా కనిపించడంలో వింతేముంది? నెలాఖరు రిపోర్టు ఒక్కసారైనా నడిచాకే తేల్చండి.

మైఎస్‌క్యూఎల్ 8.0 అయితే నేరుగా డ్రాప్ కొట్టకుండా (తీసేయకుండా) ముందు ఇన్విజిబుల్ చేయండి, అంటే ఇండెక్సు ఉంటుంది గానీ క్వెరీలు దాన్ని వాడవు. రాత ఖర్చు అప్పుడే తగ్గదు గానీ, తేడా వస్తే క్షణాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. కోడ్‌లో ఎక్కడైనా ఫోర్స్ ఇండెక్స్ (ఈ ఇండెక్సే వాడమనే ఆదేశం) అని ఆ పేరు రాసి ఉంటే క్వెరీ ఎర్రర్ కొడుతుంది, ముందే వెతుక్కోండి. డ్రాప్ చేసేటప్పుడు 1553 ఎర్రర్ వస్తే ఫారిన్ కీ (ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌తో కలిపే లంకె) ఆ ఇండెక్సు మీదే ఆధారపడి ఉందని అర్థం.

పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్ ఇండెక్స్ కంకరెంట్లీ (మిగతా పనులు ఆపకుండా తీసేసే ఆదేశం) వాడండి. అది ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఒకేసారి అమలయ్యే ఆదేశాల గుంపు) లోపల నడవదు, మైగ్రేషన్‌లో (డేటాబేస్ మార్పులు అమలు చేసే స్క్రిప్టులో) ఆ సంగతి చూసుకోవాలి. మామూలు డ్రాప్ అయితే టేబుల్ మొత్తానికి తాళం అడుగుతుంది. అప్పటికే ఏదో పొడుగు రిపోర్టు నడుస్తుంటే డ్రాప్ దాని వెనక ఆగుతుంది, ఆర్డర్లన్నీ డ్రాప్ వెనక క్యూ కడతాయి. కంకరెంట్లీ క్రియేట్ మధ్యలో ఫెయిలై మిగిలిన ఇన్వాలిడ్ ఇండెక్సులుంటే ముందు వాటినే తీసేయండి. క్వెరీలకి పనికిరావు, రాత భారం మాత్రం మోస్తూనే ఉండొచ్చు.

ఏది తీసినా దాని క్రియేట్ స్టేట్‌మెంట్ ముందే దాచుకోండి. పెద్ద టేబుల్ మీద మళ్లీ కట్టడానికి గంటలు పట్టొచ్చు. అందుకే శుక్రవారం సాయంత్రం మడివాళలో బస్సెక్కే ముందు డ్రాప్ కొట్టకండి. సేల్‌కి వారం కూడా లేకపోతే ఆ జాబితాని దీపావళి అయ్యాకే తెరవండి.