పాపాయికి గుడ్డ డైపర్: ముందు ఆరే గుణం చూడండి

గుడ్డ డైపర్ కొనేటప్పుడు ఎక్కువమంది చూసేది పైనున్న ఏనుగు బొమ్మల్ని. చూడాల్సింది అది ఎంతసేపట్లో ఆరుతుందన్నది. ఎండాకాలంలో గంటన్నరలో ఆరే గుడ్డ, ముసురు పట్టిందంటే రెండో రోజుకీ చెమ్మగానే ఉంటుంది. చెమ్మది కడితే బిడ్డకి ఒరుసుకుపోతుంది, కట్టకపోతే డైపర్లు చాలవు. చాలా ఇళ్ళలో ఇవి అటకెక్కేది ఇక్కడే.

దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ‘ఆల్ ఇన్ వన్’లో పీల్చే పొరలన్నీ పై కవర్‌తో కలిపి కుట్టేసి ఉంటాయి. కట్టడం తేలిక, ఆరడం మహా కష్టం. పాకెట్ డైపర్‌కి లోపల జేబు ఉంటుంది, అందులోకి ప్యాడ్ దూర్చాలి. ప్యాడ్‌ని విడిగా ఆరేస్తాం కాబట్టి కొంత నయం, కానీ తడిసినప్పుడల్లా మొత్తం మార్చాల్సిందే. మూడోదాంట్లో కవర్ వేరు, లోపలి గుడ్డ వేరు. పాస్ పోస్తే గుడ్డ ఒక్కటే మార్చి, కవర్ లోపలి వైపు తుడిచి కాసేపు గాలికి వదిలి మళ్ళీ వాడుకోవచ్చు. దొడ్డి అంటితేనే కవర్ ఉతకాలి. మన వానాకాలానికి మా ఓటు దీనికే. రోజూ ఉతికే ఇంట్లో 4–5 కవర్లు, 18–20 లోపలి గుడ్డలు సరిపోతాయి. జూన్ వచ్చేలోపు గుడ్డలు ఇంకో అరడజను చేర్చుకోండి, కవర్లు అక్కర్లేదు.

కవర్‌ని పీయూఎల్ అనే బట్టతో కుడతారు. పాలిస్టర్ బట్టకి పల్చటి పాలీయురేథేన్ పొర అతికిస్తే వచ్చేది అది. నీటిని ఆపుతుంది, ఆవిరిని కాస్త బయటికి వదులుతుంది. చవగ్గా దొరికే ప్లాస్టిక్ నిక్కర్లకి ఆ గుణం లేదు, వాటి జోలికి పోవద్దు.

లోపలి గుడ్డల్లో మైక్రోఫైబర్ (సన్నటి సింథటిక్ పోగుల బట్ట) గబగబా పీల్చి గబగబా ఆరుతుంది. కానీ ఒత్తిడి పడితే స్పాంజిలాగా కక్కేస్తుంది. బిడ్డని చంకనెత్తుకోగానే చీర తడవడానికి కారణం అదే. పైగా చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి ఒంటికి నేరుగా తగలకూడదు, జేబు లోపలే ఉండాలి. నూలు నెమ్మదిగా పీల్చినా పట్టి ఉంచుతుంది. హెంప్ (గంజాయి జాతి మొక్క నారతో నేసిన బట్ట) అన్నిటికన్నా ఎక్కువ పట్టుకుంటుంది గానీ పీల్చడం, ఆరడం రెండూ నెమ్మదే. అందుకే రాత్రి పూట ఒంటి వైపు నూలు, దాని కింద హెంప్ వేస్తే రెండు గుణాలూ కలిసొస్తాయి.

కొత్త నూలు గుడ్డ తెచ్చిన రోజే కట్టకండి. పత్తికి సహజంగా ఉండే మైనం, నూనె పోయేదాకా అది నీళ్ళు పీల్చదు. 4–5 సార్లు ఉతికి, మధ్యమధ్య ఆరబెడితే మెత్తబడి దారికొస్తుంది. మైక్రోఫైబర్‌కి ఒక్క ఉతుకు చాలు.

మొదటి నెల

డబ్బా మీద ‘3 నుంచి 17 కిలోల వరకు’ అని రాసి ఉన్నా, పుట్టిన బిడ్డ తొడలు సన్నగా ఉంటాయి కనుక కాళ్ళ దగ్గర సందు మిగులుతుంది. 4 కిలోలు దాటేదాకా ఇంట్లో ఉన్న పాత నూలు చీరకి మించింది లేదు. జరీ అంచు తీసేసి 55 సెంటీమీటర్ల చదరాలుగా చింపితే ఒక చీరకి సుమారు 20 గుడ్డలు వస్తాయి. చదరాన్ని త్రికోణంగా మడిచి, పొడవాటి అంచు నడుం వైపు పెట్టి, కింది కొనను కాళ్ళ మధ్యనుంచి తెచ్చి గోచీలా కట్టడమే. ముడి బొడ్డు మీదికి రాకుండా పక్కకి ఉండాలి. బొడ్డుతాడు ఊడేదాకా గుడ్డ అంచు దాని కిందికే ఉంచండి. పిన్నీసులు వద్దు.

కట్టడం

కారేది చాలావరకు డైపర్ లోపం వల్ల కాదు, కట్టడంలో తేడా వల్ల. కాళ్ళ ఎలాస్టిక్ తొడ మీద కాకుండా గజ్జల మడతలో కూర్చోవాలి. ముందు వైపు ఉండే ప్రెస్ బటన్ల వరసలు పొడవు తగ్గించడానికి. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు కింది వరసకి నొక్కి, ఎదిగేకొద్దీ విప్పుతూ రండి. నడుం దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. విప్పాక తొడ మీద లేత గీత కనిపించి కాసేపట్లో పోతే ఫరవాలేదు. గాడి పడి ఎర్రగా ఉండిపోతే బిగువు ఎక్కువైనట్టు.

ఆఖర్న వేలితో కాళ్ళ చుట్టూ ఒకసారి తడమండి. లోపలి గుడ్డ కొస అరంగుళం బయటికొచ్చినా చాలు, దీపం వత్తి నూనెను లాగినట్టు తడినంతా బయటికి లాగేస్తుంది. మొలతాడు ఉన్న బిడ్డకి దాన్ని డైపర్ పైఅంచుకి పైన ఉంచాలి. లోపల చిక్కితే తడిసి ఒరుసుకుంటుంది, మువ్వలుంటే ఒత్తుకుంటాయి. మగపిల్లాడికి అంగాన్ని కిందికి ఉంచి, గుడ్డలో అదనపు మడత ముందు వైపు పెట్టండి. ఆడపిల్లకి మడత మధ్యలో.

పగలు 2–3 గంటలకొకసారి, దొడ్డికి వెళ్తే వెంటనే మార్చాలి.

ఇంకో సంగతి. ఒళ్ళంతా నూనె మర్దన చేసి స్నానానికి ముందు కాసేపు డైపర్ వేసి పడుకోబెట్టే ఇళ్ళున్నాయి. ఆ నూనె గుడ్డకి పట్టి, పోనుపోను గుడ్డ నీటిని తోసేస్తుంది. ఆ కాసేపటికి పాత గుడ్డే వాడండి. జింకు క్రీమ్ రాసినా మధ్యలో ఒక పల్చటి గుడ్డ వేయాలి.

ఉతకడం

తడిసినవాటిని రాత్రంతా బకెట్లో నానబెట్టకండి. ఎలాస్టిక్ సాగిపోతుంది, పీయూఎల్ పొర లేచిపోతుంది, నీళ్ళు కుళ్ళు కంపు కొడతాయి. గాలాడే బుట్టలో పొడిగా వేసి, మర్నాటికల్లా ఉతకండి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ దొడ్డి నీళ్ళలో కరిగిపోతుంది. అన్నప్రాశన అయ్యాక మాత్రం ముందు టాయిలెట్‌లో దులిపి, జాడించాలి.

మొదటి జాడింపు చన్నీళ్ళతో. వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడుతుంది. తర్వాత మెషిన్లో 40 డిగ్రీల దగ్గర పూర్తి సైకిల్, డిటర్జెంట్ పొడి పూర్తి మోతాదులో. ‘పసిబిడ్డవి కదా’ అని చిటికెడు పొడి వేయడమే పెద్ద పొరపాటు: మూత్రం అవశేషాలు గుడ్డలో మిగిలిపోయి, తడవగానే అమోనియా వాసన గుప్పుమంటుంది. పొడి తగ్గించకుండా వేయాలి, ఎక్కువ జాడించాలి. డ్రమ్ములో మూడింట రెండు వంతులు నిండితే గుడ్డలు ఒకదానికొకటి రాసుకుని మురికి వదులుతుంది. సువాసన కోసం వేసే కండిషనర్ అసలు వద్దు, అది పోగుల మీద పూతలా పేరుకుంటుంది. యాంటీసెప్టిక్ ద్రావణాలూ వద్దు, లేత చర్మాన్ని మండిస్తాయి.

బోరు నీళ్ళయితే గుడ్డలు అట్టలా బిరుసెక్కుతాయి. పొడి ఒకటిన్నర రెట్లు వేసి, చివరి రెండు జాడింపులైనా కుళాయి నీళ్ళతో చేయండి. హైదరాబాద్‌లో కృష్ణా నీళ్ళు వదిలే రోజు చూసుకుని ఉతికేవాళ్ళున్నారు, తెలివైన పని.

లోపలి గుడ్డలు మండుటెండలో ఆరేయండి. తడిగా ఉండగానే ఎండ తగిలితే పసుపు మరకలు వాటంతటవే వెలిసిపోతాయి. కవర్లు మాత్రం నీడన. ముసురు రోజుల్లో నూలు గుడ్డని ఫ్యాన్ కింద ఆరనిచ్చి, మిగిలిన చెమ్మ ఇస్త్రీతో తీసేయొచ్చు. కవర్‌కి ఇస్త్రీ తగలకూడదు.

కారుతుంటే

విప్పి లోపలి గుడ్డ చూడండి. నిండా నానిపోయి ఉంటే ఆలస్యంగా మార్చారు, లేదా ఇంకో పొర కావాలి. సగం పొడిగా ఉండగానే కారితే బిగువులో తేడా, లేదా గుడ్డ పీల్చడం మానేసింది. గుడ్డ మీద నీటిచుక్క వేయండి. తామరాకు మీద లాగా నిలిచిందంటే నూనె పట్టినట్టే. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తటి బ్రష్‌తో రుద్ది, నురగ పోయేదాకా జాడించాలి.

ఒరుపు కనబడితే డైపర్ తీసి, రోజుకి రెండు మూడు సార్లు కాసేపు గాలి తగలనివ్వండి. మడతల్లో ఎర్రగా, చుట్టూ చిన్న చిన్న పొక్కులతో ఉండి, 2–3 రోజుల్లో తగ్గకపోతే ఫంగస్ కావచ్చు. పిల్లల డాక్టర్‌కి చూపించాలి. తగ్గేదాకా నూలు గుడ్డల్ని 60 డిగ్రీల నీళ్ళలో ఉతకండి.

రెండో బిడ్డ కోసం దాచిన కవర్లు తీసినప్పుడు ఎలాస్టిక్‌ని చెవి దగ్గర పెట్టి లాగండి. కరకరమంటే దాని పని అయిపోయింది, దర్జీ దగ్గర కొత్తది వేయించొచ్చు. లోపలి పొర పొలుసులుగా రాలుతుంటే మాత్రం బాగుచేయడం కుదరదు.