బాత్‌రూమ్ మరమ్మతుల పాఠాలు – 5: కుళాయి వెనక దాగిన నిపుల్

గోడ మీద చెమ్మ మచ్చ కనిపిస్తే టైల్స్ పగలగొట్టే ముందు మూడు పరీక్షలు చేయమని నాలుగో పాఠంలో చెప్పాను. నీళ్లు తెచ్చే పైపుకొకటి, నీళ్లు పోయే పైపుకొకటి, నేలకొకటి: నీళ్లు పోయే కన్నం మూసి, నేల మీద నీళ్లు నిలిపి, తగ్గుతాయేమో చూడటం. ఈసారి వాల్ మిక్సర్ (వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే గోడ కుళాయి) విప్పి బిగించడం నేర్పాలనుకున్నాను. ఆ పరీక్షలు చేసినవారి నుంచి వచ్చిన ఫోన్లూ ఉత్తరాలూ చూశాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

శ్రీకాకుళం గుజరాతీపేటలో ఒకరు నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్లు పోయే కన్నంలో, పాత తువ్వాలు కుక్కి నేల మీద నీళ్లు నిలిపారు. తెల్లారేసరికి చుక్క లేదు. నేలే కారుతోందని తేల్చుకుని తాపీమేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేశారు. గుడ్డ నీటిని ఆపదు, పీల్చుకుని కిందికి వదులుతుంది. దళసరి ప్లాస్టిక్ సంచిలో తడి ఇసుక పోసి, మూతి ముడివేసి, ట్రాప్ మీద అదిమి పెట్టండి. ఆ నీళ్లు చేరే బయటి చాంబర్ మూత తీసి చూస్తే సంచి నీటిని ఆపుతోందో లేదో తెలిసిపోతుంది. అదే గదిలో ఒక బకెట్ నీళ్లు కూడా ఉంచండి. 24 గంటల తర్వాత బకెట్లోనూ నేల మీదా ఒకేలా తగ్గితే అది ఆవిరి. నేల మీద అంతకంటే ఎక్కువ తగ్గితేనే అనుమానించాలి.

బలగ నుంచి ఒకావిడ, నిలిపిన నీళ్లన్నీ పడకగదిలోకి వచ్చేశాయని రాశారు. కొత్తగా చేయించినప్పుడు అందం కోసం గడప తీసేయించారట. గడప లేని చోట ఇసుక సంచులతో అడ్డుకట్ట వేసుకోవాలని వేరే చెప్పాలా?

ఆమదాలవలస పాఠకుడు మూడు పరీక్షలూ ఒకే ఆదివారం ముగించి, మచ్చ పెరిగింది కాబట్టి మూడూ కారుతున్నాయని నిర్ణయించారు. గోడ తాగిన నీరు ఇవతలికి రావడానికి రోజులు పడుతుంది. ఒక్కో పరీక్షకూ మధ్య మూడు నాలుగు రోజుల విరామం ఇవ్వండి. మచ్చ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. గీత దాటిందా లేదా అన్నదే సాక్ష్యం.

ఏ పరీక్షా అక్కర్లేని గుర్తు ఒకటుంది. సంక్రాంతికి ఇల్లు తాళం వేసి ఊరెళ్లి వచ్చేసరికి మచ్చ ఆరితే తప్పు నేలదో, నీళ్లు పోయే పైపుదో. పెరిగితే, మరో స్నానాల గది నీళ్లు అటు రావడం లేదనుకుంటే, ట్యాంకు నుంచి వచ్చే పైపుదే. మీరు వాడినా వాడకపోయినా ఆ పైపులో ఒత్తిడి ఉంటుంది కదా. రాసినవారిలో చాలామంది తేల్చుకున్నది తప్పు ఈ ట్యాంకు పైపుదేనని. మరి పైపులో ఎక్కడ? కొత్తగా చేయించిన బాత్‌రూముల్లో నేను మొదట చూసేది కుళాయి వెనకే.

పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అతికిస్తే గోడ మందం పెరుగుతుంది. గోడలోని ఇత్తడి ఎల్బో (కుళాయి బిగించే పైపు వంపు ముక్క) ఆ మేరకు లోపలికి పోతుంది. కుళాయి మర దానికి అందదు. అప్పుడు ప్లంబర్ మధ్యలో ఎక్స్‌టెన్షన్ నిపుల్, అంటే మరలున్న పొట్టి పైపు ముక్క, పెడతాడు. అంటే ఒకటి ఉండాల్సిన చోట రెండు జాయింట్లు: నిపుల్‌కీ ఎల్బోకీ మధ్య ఒకటి, కుళాయికీ నిపుల్‌కీ మధ్య ఒకటి. మొదటిది గోడలో ఉంటుంది. దాని మీద మెరిసే గుండ్రటి బిళ్ల, ఫ్లాంజ్, కప్పుకుని ఉంటుంది కాబట్టి కారినా కనిపించదు. నీరు టైలుకీ గోడకీ మధ్యగా దిగి, అవతలి గదిలో స్కిర్టింగ్ దగ్గర ఉప్పు పొంగులా బయటపడుతుంది.

చూడటం తేలిక. ఫ్లాంజ్‌ను ముందుకు జరిపి, లోపల పొడిగుడ్డతో తుడిచి, నిపుల్ చుట్టూ టిష్యూ కాగితం చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం కింది అంచు మెత్తబడితే దొంగ దొరికినట్టే. ఫ్లాంజ్ చుట్టూ సిలికాన్ పూసి ఉంటే ముందు దాన్ని కోసేయండి. పూయాలనుకుంటే పైన, పక్కల పూసి కింది భాగం వదలాలి. చుట్టూ మూసేస్తే కారే నీటికి గోడ తప్ప దారి ఉండదు.

ట్యాంకు కట్టేయడం, నిపుల్ విప్పడం, పాత టేపు గీకడం మీకు తెలిసినవే. టెఫ్లాన్ టేపు చుట్టే దిక్కు మాత్రం మరోసారి: మర ఉన్న కొసను మీ ముఖం వైపు తిప్పుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. మొదటి మర ఖాళీగా వదలాలి, లేకపోతే టేపు పోగు తెగి మిక్సర్‌లోకి పోతుంది. సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) పైపు మరలకు నూనె కలిసిన పేస్టులు పడవు, టేపుతోనే సరిపెట్టండి.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. కుళాయి బిగిస్తారు. మూతి నేరుగా కిందికి రావాలి, కొంచెం దాటి పక్కకు పోతుంది. ‘ఓ పావు తిప్పు వెనక్కి’ అని వెనక్కి తిప్పుతారు. చూడటానికి చక్కగా ఉంటుంది, పని అయిపోయిందనుకుంటారు. టేపు రబ్బరు కాదు. మరల మధ్య ఒకసారి నలిగి సర్దుకున్నాక వెనక్కి లాగితే మళ్లీ ఉబ్బదు, సన్నని దారి మిగులుతుంది. నిపుల్ ఉన్నచోట ఇది ఇంకా ప్రమాదం. మీరు వెనక్కి తిప్పింది కుళాయినే అయినా, ఆ తిప్పుడుకు వదులైంది ఏ జాయింటో మీకు తెలియదు. బయటి జాయింటు గట్టిగా పట్టుకుని ఉంటే నిపుల్ కుళాయితో పాటే తిరిగి, గోడలోని జాయింటు వదులవుతుంది. బయటంతా పొడిగానే ఉంటుంది! నరసన్నపేటలో ఒక ఇంట్లో ఇలా తిప్పిన కుళాయి చాలాకాలం బాగానే ఉంది. ట్యాంకు నీటిమట్టం కుళాయి కంటే 5 మీటర్ల ఎత్తున ఉంటే, కుళాయి దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు అరకిలోనే. వర్షంలా పడే షవరు కోసం ప్రెషర్ పంపు పెట్టించగానే ఒత్తిడి పెరిగి గోడ చెమ్మగిల్లింది. వాళ్లు పంపును తిట్టారు.

కాబట్టి వెనక్కి తిప్పొద్దు. దాటిపోతే, మర అనుమతిస్తే, మూతి మళ్లీ నేరుగా కిందికి వచ్చేదాకా ముందుకే. అంత వీలు లేకపోతే మొత్తం విప్పి, టేపు గీకి, చుట్లు పెంచి మొదటి నుంచి. చుట్లు పెరిగితే కుళాయి ముందే బిగుస్తుంది, తగ్గితే ఆలస్యంగా. నిపుల్‌ను మాత్రం ముందే విడిగా పూర్తిగా బిగించండి. లోపల ఆరుపలకల గాడి ఉన్న నిపుల్ కొంటే అలెన్ కీతో బిగించవచ్చు, పైన పైపు రెంచి పళ్ల గాట్లు పడవు. నేను వేరే రకం కొనను. పొడవు చాలలేదని రెండు నిపుల్స్ జత చేస్తే మాత్రం, మీరు ఈ పాఠాలు చదవడం లేదనుకుంటాను.

మిగతా ఫిర్యాదులు చిన్నవి. కొత్త కుళాయిలో ధార సన్నబడితే మూతి దగ్గరి జల్లెడ విప్పి ఇసుక కడగండి. నహానీ ట్రాప్‌లో నీళ్లు మెల్లగా దిగుతుంటే టైల్స్ సందుల్లో నింపిన సిమెంటు కడిగిన నీళ్లు అందులోనే పారబోశారన్నమాట. గట్టిపడిన సిమెంటు యాసిడ్‌కు కరుగుతుందని పోయకండి, ముందు చేతికందినంత గీకి తీయండి.

అభ్యాసం: అరంగుళం ఇత్తడి ఎల్బో, ఒక నిపుల్, ఒక కుళాయి కొని తెచ్చుకోండి. ఎల్బోను చెక్కకు బిగించి, కుళాయి మూతి నేరుగా కిందికి వచ్చేలా, ఒక్కసారి కూడా వెనక్కి తిప్పకుండా, వరసగా ఐదుసార్లు బిగించాలి. ప్రతిసారీ టేపు ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. నాలుగోసారి తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఐదోది పూర్తయ్యాక ట్యాంకు పైపుకు కలిపి, టిష్యూ చుట్టి రాత్రంతా ఉంచండి. కాగితం పొడిగా ఉంటేనే మీ బాత్‌రూమ్ ఫ్లాంజ్ మీద చెయ్యి వేయండి.