మజ్జిగ పక్కన పెట్టండి, పళ్లెంలో నాచు పెంచడం ఇలా

బావి గట్టు మీద కాలు జార్చేది పాకుడు. ఇది దాని గురించి కాదు. వానాకాలంలో పిట్టగోడ మీద పచ్చటి ముఖమల్ పరిచినట్టు పెరుగుతుందే, ఆ నాచు గురించి. దగ్గరికెళ్లి చూస్తే బుల్లి కాడలు, బుల్లి ఆకులు కనిపిస్తాయి. బిర్యానీలో వేసే రాతిపువ్వునూ కొందరు నాచే అనుకుంటారు. అది లైకెన్, బూజు జాతీ పాకుడు జాతీ కలిసి బతికేది, నాచు కాదు.

అడుగున చిల్లున్న వెడల్పాటి మట్టి పళ్లెం, మట్టి, ఇసుక, స్ప్రే సీసా, పాత అట్లకాడ ఉంటే చాలు. గోడ మీంచి నాచును లేపడానికి చాకు పనికిరాదు, అట్లకాడే కావాలి.

నాచు మీ గోడ మీదిదే తీసుకోండి. అరకు నుంచి సంచిలో మోసుకొచ్చేవాళ్లను చూశాను. అక్కడి చల్లదనానికి అలవాటుపడ్డది మన ఏప్రిల్‌కు ఏం తట్టుకుంటుంది? అడవిలోది అడవిలోనే ఉండనివ్వండి. మట్టి, ఇసుక సమంగా కలిపి పళ్లెంలో పోసి, తడిపి, అరచేత్తో చదును చేయండి. పేడ, వర్మీకంపోస్టు ఏదీ వేయొద్దు. ఎరువేస్తే నాచు కన్నా ముందు కలుపు లేస్తుంది.

ఇక అంటించడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. నాచుకు వేర్లుండవు. అడుగున ఉండే నూగు పట్టుకోసమే, నీళ్లు తాగేది ప్రధానంగా ఆకులతోనే. అందుకని చాప పరిచినట్టు పైన పెట్టి వదిలేస్తే కింద గాలి చేరుతుంది, వారంలో అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. అరచేయంత ముక్క పెట్టి, వేళ్లతో నీరు ఊరేదాకా నొక్కండి. మధ్యలో నొక్కి మురిసిపోకండి, అంచులు నొక్కండి. ముక్కల సందుల్లో తడి ఇసుక కూరండి. మర్నాడు మళ్లీ నొక్కండి. నెల్లాళ్లు పొద్దున పళ్లు తోముకున్నాక ఇదే పని. అంటుకుందా లేదా అని మధ్యలో ఎత్తి చూశారో, మళ్లీ మొదటికొస్తుంది.

నీళ్లు పొద్దునా సాయంత్రం స్ప్రే చేయాలి, చెంబుతో గుమ్మరించకూడదు. బోరు నీళ్లు వద్దేవద్దు, వాటిలోని లవణాలు ఆకుల మీద తెల్లగా పేరుకుంటాయి. వాన నీళ్లు శ్రేష్ఠం, లేకపోతే ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండ తగలని చోటు చూసుకోండి.

నాచును మిక్సీలో మజ్జిగతో రుబ్బి గోడకు పూస్తే మొలుస్తుందని వీడియోల్లో చెబుతారు. నేనూ పూశాను. బూజొచ్చింది, చీమలొచ్చాయి, నాచు మాత్రం రాలేదు. జపాన్ తోటమాలులు ఎండిన నాచును చేత్తో నలిపి తడిమట్టి మీద విత్తనాల్లా చల్లుతారు. ప్రతి తునకా కొత్త మొక్క కాగలదు. నెలలు పడుతుంది గానీ మజ్జిగ ఖర్చు లేదు.

క్యోటోలోని సైహోజి గుడి తోటలో సుమారు 120 రకాల నాచు ఉంది. 1339లో ముసో సోసెకి అనే జెన్ గురువు ఆ తోటను తీర్చిదిద్దినప్పుడు నాచు ఆయన లెక్కలోనే లేదు. తర్వాతి శతాబ్దాల్లో ఆలనాపాలనా తగ్గితే అదే పరుచుకుంది. ఇప్పుడు దాన్ని చూడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, 1977 నుంచీ అదే పద్ధతి. మనమైతే గోడ పచ్చబడగానే సున్నం వాడికి కబురు పెడతాం. అక్కడివాళ్లు రోజూ చేసే పెద్ద పని, రాలిన ఆకులు ఊడ్చేయడం. మీరూ పళ్లెంలో పడ్డ ఆకుల్ని అలాగే తీసేయండి.

వేసవిలో నాచు గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతుంది. చాలావరకు చావదు, తడి తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. రెండేళ్లు పెంచిన నా పళ్లేన్ని మా అత్తగారు శుభ్రంగా తోమి, కుంకుడుకాయలు ఎండబెట్టారు.